బియ్యంలో రాసిన పేరు

‘ణ’తో మొదలయ్యే ఆడపిల్ల పేరు ఒకటి చెప్పండి చూద్దాం!

ఆలోచిస్తున్నారా? ఆలోచించండి, తొందరేం లేదు. మా ఇంట్లో పెద్దా చిన్నా కలిసి పదిహేను మందిమి, పదిహేను రోజులు ఆలోచించాం. పంచాంగం తిరగేశాం, నిఘంటువు తిరగేశాం. ఫోన్లో చూసేవాళ్ళు ఫోన్లో చూశారు. దొరికితే ఒట్టు.

సంగతేమిటంటే, మా చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. పుట్టిల్లు గుడివాడ కాబట్టి పురుడు అక్కడే పోసుకుంది. పుట్టిన గడియ చూసి పంతులుగారు వేళ్ళు లెక్కపెట్టుకుని ‘‘హస్తా నక్షత్రం, మూడో పాదం’’ అన్నారు. నక్షత్రాలు 27, ఒక్కోదానికి పాదాలు నాలుగు, వెరసి 108 అక్షరాలు. అశ్వినిలో పుట్టిన పిల్లకి చూ, చే, చో, ల. రోహిణిలో పుడితే ఓ, వా, వీ, వూ. వాటితో ఏదో ఒక పేరు అల్లుకోవచ్చు. హస్తకి వచ్చినవేమో పూ, ష, ణ, ఠ! మొదటి పాదంలో పుట్టినా పూర్ణిమ అనో పూజిత అనో పిలుచుకునేవాళ్ళం. ఈ పిల్ల మూడో పాదం దాకా ఆగి మరీ పుట్టింది.

ఇక చూస్కోండి, ఇల్లంతా నామకరణ సంఘమైపోయింది.

ఒక్క పిల్ల, ఆరు పేర్లు

ముందు మా ఇంటి సంగతి కాస్త చెప్పాలి. నేనుండేది బందరులో. అమ్మానాన్న గుడివాడలో. చెల్లెలి అత్తవారిది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లెటూరు. అంటే కృష్ణా డెల్టా అడుగున ఉన్న మూడు మూలలూ మా ఇంట్లోనే ఉన్నాయన్నమాట. మూడు మూలల దేవుళ్ళూ ఆ పసిగుడ్డు పేరులో చోటు అడిగారు.

చెల్లెలి మామగారు ముందే చెప్పేశారు, ‘‘మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకున్నాం. ‘నాగ’ ఉండి తీరాలి. మా అమ్మ పేరు వెంకటసుబ్బమ్మ. అది కూడా కలవాలి’’ అని. మా అమ్మ ఏం తక్కువ తినలేదు. ‘‘కొండలమ్మ తల్లి పేరు లేకుండా ఎట్లా?’’ అంది. గుడ్లవల్లేరు దగ్గర వేమవరంలో వెలసిన కొండలమ్మంటే మా వైపు ఎంత గురో చెప్పక్కర్లేదు. కొండలరావులూ, కొండలమ్మలూ లేని వీధి ఉండదు. దివిసీమలో అద్దంకి నాంచారమ్మ పేరు మీద నాంచారయ్యలూ నాంచారమ్మలూ ఉన్నట్టు, బందరులో చిలకలపూడి స్వామి పేరు మీద పాండురంగారావులు ఉన్నట్టు అన్నమాట.

చెల్లెలి ఆడపడుచుకి న్యూమరాలజీ మీద నమ్మకం. ‘‘ఏ పేరైనా ఫర్వాలేదు వదినా, ఇంగ్లీషులో కూడితే అయిదు రావాలి’’ అని కాగితం, పెన్నూ పట్టుకు కూర్చుంది. మరిదిగారు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం. ఆయనకి పొట్టి పేరు కావాలి, ఎవరికీ లేని పేరు కావాలి. హన్విక, తన్విక, శాన్విక అంటూ వాట్సాప్‌లో రోజుకి పది పంపేవాడు. ‘‘దీనికి అర్థమేమిటయ్యా?’’ అంటే, ‘‘సరస్వతీదేవి అని ఉంది వదినగారూ’’ అనేవాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఫోన్లో ఏ పేరు కొట్టినా లక్ష్మీదేవో, సరస్వతీదేవో, దుర్గాదేవో అనే వస్తుంది. ఇన్ని పేర్లున్నాయని ఆ తల్లులకైనా తెలుసో లేదో!

నేను ఊరికే ఉంటానా? కథలు రాసే పెద్దమ్మని కదా, నాకూ ఒక ముచ్చటుంది. కృష్ణవేణి అని పెట్టమన్నాను. మనం తాగే నీళ్ళు, తినే అన్నం ఆ నది పుణ్యమే కదా అని నా వాదన. ‘‘పాతగా ఉందక్కయ్యా’’ అని అందరూ కొట్టేశారు.

చివరికి ఎవరినీ నొప్పించకుండా అన్నీ కలిపి చూస్తే ఏమొచ్చిందో తెలుసా? నాగ వెంకటసుబ్బ కొండల కృష్ణవేణి హన్విక! బళ్ళో టీచరు హాజరు పిలవడం పూర్తయ్యేసరికి మొదటి పీరియడు అయిపోతుంది.

రెండో పేరు మనకి కొత్తదేం కాదు

‘మిడిల్ నేమ్’ అనగానే అదేదో అమెరికా వాళ్ళ పద్ధతి అనుకుంటాం. నిజానికి మనకి పేరు వెనక పేరు ఎప్పుడూ ఉన్నదే. శాస్త్రప్రకారం పిల్లకి నాలుగు పేర్లు చెబుతారు. కులదేవత పేరు ఒకటి, పుట్టిన నెలని బట్టి ఒకటి, నక్షత్రాన్ని బట్టి ఒకటి, నలుగురూ పిలవడానికి ఒకటి. మొదటి మూడూ పూజకీ, పీటల మీదకీ. నాలుగోదే బతుకంతా వెంట వచ్చేది. ఆడపిల్ల పేరు పలకడానికి సులువుగా, చెవికి ఇంపుగా, శుభంగా ఉండాలని మనుస్మృతిలోనే ఉంది. ఆ గ్రంథంలో ఆడవాళ్ళ గురించి చెప్పిన తక్కిన మాటలతో మనకి పేచీ ఉంటే ఉండనీండి, ఈ ఒక్క మాటతో లేదు.

మరి పేరు పెట్టే హక్కు ఎవరిది? ఇక్కడే ఉంది తిరకాసంతా. గుడివాడకి దగ్గర్లో పామర్రు పక్కన నిమ్మకూరు ఉంది. 1923 మే 28న ఆ ఊళ్ళో ఒక మగపిల్లాడు పుట్టాడు. తల్లి ‘కృష్ణ’ అని పెట్టుకోవాలనుకుంది. మేనమామ ‘తారకరాముడైతే బాగుంటుంది’ అన్నాడు. మేనమామ మాటే నెగ్గింది. ఆ పిల్లాడే నందమూరి తారక రామారావు. కానీ చూడండి, తల్లి కోరిక ఎక్కడికీ పోలేదు. ఆయన కొడుకులందరి పేర్ల చివరా కృష్ణుడొచ్చి కూర్చున్నాడు. జయకృష్ణ, హరికృష్ణ, బాలకృష్ణ... ఎవరు ఏమనుకుని పెట్టారో గానీ, అమ్మ పెట్టాలనుకున్న పేరు ఒక తరం ఆగి వచ్చినట్టు నాకనిపిస్తుంది.

మన ఇళ్ళల్లో ఇంతే కదండీ! పంతులుగారు అక్షరం చెబుతారు. తాతగారు పెద్దల పేరు చెబుతారు. మేనత్త ముచ్చట చెబుతుంది. తండ్రి ఉంగరంతో బియ్యంలో రాస్తాడు. తొమ్మిది నెలలు మోసి కన్నది మాత్రం పీటల మీద పిల్లని ఒళ్ళో పెట్టుకుని, రాసిన పేరు చదువుకుంటుంది.

పేరు లేని ఆడవాళ్ళు

మా నాయనమ్మది ఘంటసాల. పెళ్ళయి గుడివాడ వచ్చిన దగ్గర్నుంచి ఊరంతా ఆవిడని ‘ఘంటసాలమ్మ’ అనే పిలిచారు. అలా పిలవడం మన వైపు మామూలే, బందరు పిన్ని, అవనిగడ్డ అత్తయ్య అన్నట్టు. తాతయ్య ‘ఏమేవ్’ అనేవాడు. మేం ‘నాయనమ్మా’ అనేవాళ్ళం. ఆవిడ అసలు పేరు రాజ్యలక్ష్మి అని నాకు డిగ్రీ చదివేటప్పుడు రేషన్ కార్డు చూస్తుంటే తెలిసింది. ఎంత చక్కటి పేరు! డెబ్భై ఏళ్ళ పాటు ఎవ్వరూ పిలవని పేరు.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చటే అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. స్వతంత్రం వచ్చాక 1951-52లో మొట్టమొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. వోటర్ల జాబితా రాయడానికి ఇంటింటికీ వెళితే, చాలామంది ఆడవాళ్ళు పరాయి మగవాడికి తమ పేరు చెప్పలేదట. ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావాడి తల్లి’ అని రాయించారు. అప్పటి ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్, అలా కుదరదు, ఎవరి పేరు వాళ్ళదే ఉండాలి అన్నారు. పేరు చెప్పని సుమారు 28 లక్షల మంది స్త్రీల పద్దులు జాబితాలోంచి తీసేశారు. ఎక్కువమంది బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ లాంటి ఉత్తరాది రాష్ట్రాల వాళ్ళే. 28 లక్షల మంది! పేరు చెప్పకపోవడం వల్ల వోటు పోయింది.

ఇంకా దగ్గరికి రండి. మహారాష్ట్రలోని సతారా జిల్లాలో 2011 అక్టోబరులో 280 మందికి పైగా ఆడపిల్లలకి ఒకేసారి కొత్త పేర్లు పెట్టారు. ఎందుకంటే అంతకుముందు వాళ్ళ పేరు ‘నకుసా’, అంటే ‘అక్కర్లేనిది’. మగపిల్లాడి కోసం చూసి చూసి, మళ్ళీ ఆడపిల్లే పుట్టేసరికి విసుగొచ్చి పెట్టిన పేరది. ఆ పిల్ల బళ్ళో, గుళ్ళో, స్నేహితురాళ్ళ మధ్య ఆ పేరుకే పలకాలి. తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది.

మన పెద్దవాళ్ళు పిల్ల దక్కాలని పెంటమ్మ, పుల్లమ్మ అని పెట్టేవారు. అందులో ప్రేమ ఉంది, భయం ఉంది. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయిన రోజులవి. ఆ పేరుకీ ఈ పేరుకీ అదే తేడా.

ఇలాంటివి రాసేటప్పుడు నాకు మా బందరులోనే జరిగిన ఒక సంగతి గుర్తొస్తుంది. 1902లో భండారు అచ్చమాంబగారు, ఓరుగంటి సుందరీ రత్నమాంబగారు కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం పెట్టారు. (ఇద్దరిలో ఒకరికి అప్పుడే జంట పేరు ఉంది చూశారా!) అచ్చమాంబగారు ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు. మరుగునపడిన ఆడవాళ్ళ జీవితాలను వెతికి వెతికి, పేరుపేరునా తెలుగులో రాసిన పుస్తకమది. ఆడవాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోవడం కూడా ఒక పనే అని ఆవిడకి ఏనాడో తెలుసు.

ఇరవై ఒకటో రోజు

మళ్ళీ మా బారసాల దగ్గరికి వద్దాం. ఇరవై ఒకటో రోజున ముహూర్తం. నేను ముందురోజే బందరు నుంచి తొక్కుడులడ్డూ డబ్బాలు, పెడనలో కొన్న కలంకారీ గుడ్డలు పట్టుకుని గుడివాడ బస్సెక్కాను. దివిసీమ నుంచి వియ్యాలవారూ దిగారు. రాత్రి భోజనాలయ్యాక మగవాళ్ళు వసారాలో కూర్చుని ‘నాగ’ ముందుండాలా, వెనకుండాలా అని తేలుస్తున్నారు.

చెల్లెలి అత్తగారు వెనక గదిలో, పాత నూలుచీర చింపి పిల్లకి పక్కగుడ్డలు మడత పెడుతున్నారు. ఆవిడ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నేను కూడా ఒక చెయ్యి వేసి, మాటల్లో మాటగా, ‘‘అత్తయ్యగారూ! అందరూ ఏదో ఒక పేరు చెప్పారు. మీరేం చెప్పలేదే?’’ అన్నాను.

‘‘మాదేవుందమ్మా! మగాళ్ళు అనుకుంటున్నారుగా’’ అన్నారు.

‘‘అట్లా కాదు, మీకంటూ ఏదైనా ఇష్టమైన పేరు?’’

ఆవిడ చేతిలో గుడ్డ మడత ఆగింది. చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత మెల్లిగా, ‘‘మీ మరిది కంటే ముందు నాకొక ఆడపిల్లమ్మా’’ అన్నారు.

నాకు తెలియదు. మా చెల్లెలికీ తెలియదు.

‘‘ఉప్పెనప్పుడు దానికి పద్దెనిమిదో రోజు. ఇంకో మూడు రోజులుంటే పేరు పెట్టేవాళ్ళం. బియ్యం బాగుచేసి డబ్బాలో పోసి ఉంచింది మా అమ్మ.’’

1977 నవంబరు 19, కార్తీకమాసం, శనివారం. కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్ళకి ఆ తారీఖు చెప్పక్కర్లేదు. సముద్రం లేచి దివిసీమ పల్లెల మీదికి వచ్చిన రోజు. సర్కారు లెక్కలోనే పోయినవాళ్ళు పదివేల దాకా ఉన్నారు. లెక్కకు రానివాళ్ళు ఎందరో!

‘‘నీళ్ళు నడుం దాకా వచ్చేవరకూ చేతిలోనే ఉంది. తర్వాత చేతిలో లేదు’’ అన్నారావిడ. అంతే. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు, నేను అడగలేదు.

‘‘తర్వాత లెక్కలు రాసుకోడానికి ఒకాయన వచ్చాడు. పిల్ల పేరేంటమ్మా అన్నాడు. ఇంకా పెట్టలేదు బాబూ అన్నాను. ఆయన కాసేపు కలం పట్టుకుని నిలబడ్డాడు. పాపం, ఆయన మాత్రం ఏం రాస్తాడు? ‘ఆడ శిశువు’ అని రాసుకుని వెళ్ళాడు.’’

నేనెప్పుడో మూట కట్టి దాచుకున్న మాటలన్నీ ఆ పూట ఎండిపోయాయి. కాసేపటికి ఆవిడే అన్నారు, ‘‘వాణి అని పెట్టుకుందామనుకున్నానమ్మా. ఆ రోజుల్లో వాణిశ్రీ సినిమాలంటే పిచ్చిగా ఉండేది నాకు. ఎవరితోనూ అనలేదు. మీ మామయ్యగారితో కూడా అనలేదు. ఆయన వాళ్ళమ్మ పేరే పెడతాడని తెలుసు. అందుకని మనసులోనే పిలుచుకునేదాన్ని.’’

దాదాపు యాభై ఏళ్ళు! యాభై ఏళ్ళుగా ఒక్కరంటే ఒక్కరే, మనసులోనే పిలుచుకున్న పేరు.

‘‘చెల్లెలికి చెప్పనా అత్తయ్యగారూ?’’ అన్నాను. ‘‘చెప్పు. ఆయనతో మాత్రం నేనే చెప్పుకోవాలి’’ అన్నారు.

ఆ రాత్రి చెల్లెలు పిల్లకి పాలిస్తూ అంతా వింది. ‘‘అక్కా! నాకు మైత్రి అని ఇష్టం. కడుపుతో ఉన్నప్పటి నుంచీ అదే అనుకుంటున్నా’’ అంది. ‘‘మరి చెప్పవేమే?’’ అన్నాను. ‘‘నన్నెవరడిగారు?’’ అంది.

చెప్పొద్దూ, నాకు చెంప మీద కొట్టినట్టయింది. కృష్ణవేణి అని వాదించినదాన్ని నేనే కదా, నేను మాత్రం అడిగానా?

కాగితంలో రెండు, బియ్యంలో అన్నీ

తెల్లవారి పీటల మీద కూర్చోబోయే ముందు చెల్లెలు అందరి ఎదుటా అంది, ‘‘పాపకి మైత్రివాణి అని పెడదామనుకుంటున్నాను’’ అని.

‘‘మైత్రి సరే, వాణి ఎవరు?’’ అన్నారు మామగారు.

గుమ్మంలో నుంచి అత్తగారు, ‘‘మన పెద్దదానికి నేననుకున్న పేరు’’ అన్నారు.

వసారా అంతా నిశ్శబ్దం. ఆయన ఏమీ అనలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి, పంపు దగ్గర మొహం కడుక్కుని, కండువాతో తుడుచుకుంటూ వచ్చారు. ‘‘పంతులుగారూ! మా అమ్మ పేరూ, స్వామి పేరూ, మా వియ్యపురాలుగారి తల్లి పేరూ అన్నీ బియ్యంలో రాయించండి. కాయితంలోకి మాత్రం ఆ పిల్ల చెప్పిందే’’ అన్నారు.

‘‘మరి ‘ణ’ మాటేమిటి పంతులుగారూ?’’ అని మా అమ్మ సందేహం. ఆయన నవ్వి, ‘‘నక్షత్రనామం చెవిలో చెప్పుకుంటే సరిపోతుందమ్మా. అయినా వాణిలో ణ ఉండనే ఉంది కదా!’’ అన్నారు. పదిహేను మందిమి పదిహేను రోజులు వెతికిన అక్షరం అది!

మరిదిగారు కూడా ఏమీ అనలేదు. తనకి పుట్టక ముందే పోయిన ఒక అక్క ఉందని అతనికీ ఆ రోజే తెలిసింది. ఉంగరంతో బియ్యంలో రాస్తుంటే ‘వా’ దగ్గర చెయ్యి ఆగింది. మళ్ళీ రాశాడు. న్యూమరాలజీలో అయిదు వచ్చిందో లేదో ఆడపడుచు చూసుకోలేదు.

నాకప్పుడనిపించింది, మన పెద్దవాళ్ళు పళ్ళెంలో బియ్యం ఎందుకు పోశారోనని. బియ్యంలో ఎన్ని పేర్లయినా రాయొచ్చు. తాతమ్మ పేరు, దేవుడి పేరు, మొక్కు పేరు. చేత్తో సర్దితే మళ్ళీ మామూలు బియ్యమే. ఎవరి మనసూ నొచ్చుకోదు. కాగితంలో రాసేది అట్లా కాదు. అది ఆ పిల్ల బతికినన్నాళ్ళూ మోయాలి. కాబట్టి అందులో రాసే ఒకటి రెండు పేర్లకి తగిన కారణం ఉండాలి. అందులో ఒకటైనా కన్నతల్లి మనసులోది కావాలి.

ఇవి గుర్తుంచుకోండి

మా ఇంట్లో ఇదంతా అయ్యాక, తెలిసినవాళ్ళని అడిగి కొన్ని సంగతులు రాసి పెట్టుకున్నాను. మీ ఇంట్లోనూ పసిపాప ఉంటే పనికొస్తాయి.

1. పేరు కుదరలేదని నమోదు ఆపకండి. 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా మునిసిపాలిటీలోనో, పంచాయతీలోనో జననం నమోదు కావాలి. అప్పటికి పేరు తేలకపోయినా ఫర్వాలేదు. నమోదైన 12 నెలల్లోపు పేరు రాయిస్తే రుసుం ఉండదు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ళ దాకా ఆలస్య రుసుముతో రాయించుకోవచ్చు. అంతదాకా ఆగకండి మరి!

2. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకి జనన ధ్రువపత్రమే అన్నిటికీ ఆధారం. బళ్ళో చేర్చడానికి, ఆధార్‌కి, వోటుకి, పెళ్ళి నమోదుకి, సర్కారు ఉద్యోగానికి అదే చూస్తారు. ‘ఇప్పటికి ఏదో ఒకటి రాయించు, తర్వాత మార్చుకుందాం’ అనే రోజులు పోయాయి.

3. రెండో పేరు పెడితే పూర్తిగా రాయించండి, పొడి అక్షరాలతో సరిపెట్టకండి. మన పాస్‌పోర్టులో ఇంటిపేరుకి ఒక గడి, పేరుకి ఒక గడి, అంతే ఉంటాయి. రెండో పేరు మొదటి పేరు పక్కనే వస్తుంది. అమెరికా కాగితాల్లో మూడు గడులుంటాయి. అక్కడ రెండో పేరు ఒక్కోసారి నడి గడిలోకి పోతుంది. అందుకని రెండూ కలిపి పిలిచినా, విడదీసి పిలిచినా బాగుండేలా చూసుకోండి.

4. ఇంగ్లీషు అక్షరాలు ముందే తేల్చుకోండి. వాణికి ‘ఎ’ ఒకటా, రెండా? లక్ష్మికి ‘కె ఎస్ హెచ్’ వేస్తారా, ‘ఎక్స్’ వేస్తారా? ఏది రాసినా జనన పత్రంలో, ఆధార్‌లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటే ఉండాలి. ఇది చిన్న విషయం కాదు. ఆస్తిలో ఆడపిల్లకి సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి, దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి ఉంది. హక్కు చట్టం ఇస్తుంది. అది అందుకోబోయే రోజున ఒక కాగితంలో ఒక పేరు, ఇంకో కాగితంలో ఇంకో పేరు ఉంటే తిరగాల్సింది ఆ పిల్లే.

5. వీధి గుమ్మంలో నిలబడి ఆ పేరు గట్టిగా ఒకసారి పిలిచి చూడండి. నోరు తిరిగిందా? బళ్ళో పిల్లలు దాన్ని ఎట్లా వంకరపెడతారో కూడా ఊహించండి. పిల్లలు మనకంటే కవులు!

6. పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకు తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. మార్చుకోవడం, మానుకోవడం ఆ అమ్మాయి ఇష్టం. ఆ రోజు ఇంటిపేరు మారినా, మారకపోయినా మీరు పెట్టిన పేరు మాత్రం ఆమెదే. అందుకే అది సొంతంగా నిలబడేలా ఉండాలి.

7. అన్నిటికంటే ముఖ్యం. పిల్లని కన్న తల్లిని అడగండి. ఆ తర్వాత, ఏమీ మాట్లాడకుండా వెనక గదిలో గుడ్డలు మడత పెట్టే పెద్దావిడని కూడా అడగండి. ఆవిడ దగ్గర ఏ పేరు దాగి ఉందో మీకేం తెలుసు?

మీ పేరు వెనక ఎవరున్నారు?

ఈ వ్యాసం ఆవిడ అనుమతితోనే రాశాను. ‘‘రాయమ్మా. దాని పేరు కూడా ఒకచోట అచ్చులో ఉన్నట్టుంటుంది’’ అన్నారు. అంతకంటే నేను చేయగలిగిందేముంది?

మీరు కూడా ఒక పని చేయండి. ఈ ఆదివారం మీ అమ్మనో, అత్తగారినో కూర్చోబెట్టుకుని మీ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడగండి. వాళ్ళ పేర్ల సంగతి కూడా అడగండి. అమ్మమ్మ అసలు పేరు, ఆవిడ అమ్మ పేరు తెలిసినంతవరకూ ఒక కాగితం మీద రాసి పెట్టండి. మగవాళ్ళ పేర్లయితే తద్దినాల్లో మూడు తరాలు అప్పజెబుతారు. అమ్మ తల్లి, ఆవిడ తల్లి పేర్లు మనమే గుర్తుపెట్టుకోవాలి.

మా పాపకి ఇప్పుడు మూడో నెల. బోర్లా పడటానికి తంటాలు పడుతోంది. అందరం ‘మైత్రీ’ అంటాం. దివిసీమ నుంచి నాయనమ్మ ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ గొంతు వేరేలా పిలుస్తుంది. ‘‘వాణీ... ఓ వాణీ...’’ అని.

పాప తల తిప్పి చూస్తుంది.